మూడు వందల పన్నెండు మంది

ఆ సోమవారం సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చున్న రామమోహన్ కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అంకె మారలేదు. మూడు వందల పన్నెండు. భార్య నళిని బ్లాగుని ఆ ఒక్కరోజున మూడు వందల పన్నెండు సార్లు ఎవరో తెరిచారు.

మామూలుగా రోజుకి ఐదో ఆరో. అందులో రెండు ఆయనవే. పొద్దున్న కాఫీ గ్లాసుతో ఒకసారి, సాయంత్రం దీపం పెట్టాక ఒకసారి తెరిచి, ఏదో ఒక పేజీ చదువుకుని మూసేస్తాడు. తక్కినవాళ్ళెవరో ఆయనకి తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. భార్య పోయి రెండేళ్ళయిన ఇంటికి రోజూ ముగ్గురో నలుగురో వచ్చి పలకరించి పోతున్నట్టుండేది. ఆ మాత్రం దయ చాలనుకునేవాడు.

ఈ మూడు వందల పన్నెండు మాత్రం పలకరింపులా లేదు. గుంపుగా వచ్చి ఎవరో తలుపు నెట్టినట్టుంది.

నళిని ఆ బ్లాగు మొదలుపెట్టింది డయాలసిస్ మంచం మీద. ఎడమ చేతిలో రెండు సూదులతో కదలకుండా పడుకుని, కుడి చేతి బొటనవేలితో ఫోన్లో తెలుగు టైపు చేయడం నేర్చుకుంది. అరవై నాలుగు చిన్న చిన్న కబుర్లు రాసింది. ఇన్ని నీళ్ళే తాగాలని డాక్టరు గీత గీస్తే దాహాన్ని ఎలా ఏమార్చాలి, ఏ పండు ఒక ముక్క తినొచ్చు, ఏ పండు వంక కన్నెత్తి కూడా చూడకూడదు, సూది గుచ్చేటప్పుడు ఎటు చూడాలి, కళ్ళు తిరుగుతుంటే పక్క మంచం వాళ్ళని కంగారు పెట్టకుండా నర్సుని ఎలా పిలవాలి. అన్నీ నవ్వుతూ రాసింది. కూరగాయల్ని చిన్న ముక్కలు కోసి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ వేరే నీళ్ళలో ఉడికించి వండే పద్ధతికి ‘రెండు స్నానాల కూర’ అని పేరు పెట్టింది. ఆ పేరు ఏ డాక్టరూ చెప్పింది కాదు. ఆవిడ సొంతం.

రామమోహన్ భయానికి కారణం లేకపోలేదు. ఆవిడ పోయిన పది నెలలకి ఎవడో ఆ కబుర్లు కొన్ని ఎత్తుకుపోయి, పక్కన ఆవిడ ఫొటో అతికించి, ఏదో చూర్ణం అమ్మడం మొదలుపెట్టాడు. ‘సూరత్ వాస్తవ్యురాలు నళిని గారు మా చూర్ణం వాడి, డయాలసిస్ మానేసి సుఖంగా ఉన్నారు’ అని రాశాడు. అది నమ్మి ఎంతమంది వైద్యం మానేశారో, వాళ్ళలో ఎంతమంది మిగిలారో ఆయనకి తెలియదు. దాన్ని తీయించడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆయనకి అన్నం సయించలేదు. నళిని పేరు చెప్పి ఇంకో రోగిని ఎవరూ మోసం చేయకూడదు. మిగిలిన జీవితానికి ఆయన పెట్టుకున్న ఉద్యోగం అదొక్కటే.

అంతకుముందు ఉద్యోగం రైల్వేలో. ముప్పై నాలుగేళ్ళు సిగ్నల్ విభాగంలో పనిచేసి, సూరత్ పక్కనే ఉధనాలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. సిగ్నల్ చెడితే ఏం చెడిందని ఆయన ముందు అడిగేవాడు కాదు. ఎన్నింటికి చెడిందని అడిగేవాడు. వేళ తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే.

అందుకని వేళలు గమనించాడు. మంగళవారం ఐదుగురు. బుధవారం మూడు వందల ముప్పై ఐదు. గురువారం నలుగురు. శుక్రవారం మూడు వందల ఇరవై నాలుగు. శని, ఆదివారాలు మళ్ళీ మామూలే. పై వారమూ అంతే, ఆ పై వారమూ అంతే. మధ్యాహ్నం పన్నెండు దాటాక బ్లాగు గ్రాఫులో గీత పైకి లేస్తుంది, నాలుగున్నరకి చతికిలబడుతుంది. అన్నీ మన దేశం నుంచే, అన్నీ ఫోన్లోనే. ఇంతమంది వచ్చిపోతూ ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. బాగుందని లేదు, బాగాలేదని లేదు.

ఎదురింటి హంసాబెన్ వేడి వేడి థేప్లా రొట్టెలు తెచ్చి గుమ్మంలో నిలబడితే, “మీరు గానీ నళిని రాసినవి చూస్తున్నారా?” అని అడిగేశాడు.

“మాకు తెలుగు ఎక్కడ వచ్చు భాయ్?” అని ఆవిడ నవ్వి, పళ్ళెం చేతిలో పెట్టి వెళ్ళింది. అనుమానం మనిషిని ఎంతటి మాటలు అడిగిస్తుందో అనుకుని, సిగ్గుపడుతూనే థేప్లా తిన్నాడు. బాగుంది.

ఆ ఆదివారం కూతురికి ఫోన్ చేశాడు. ఇందుజ హజీరాలో కంపెనీ టౌన్‌షిప్‌లో ఉంటుంది. అల్లుడు అక్కడి ఫ్యాక్టరీలో ఇంజనీరు, తను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది.

“రోబో అయ్యుంటుంది నాన్నా,” అంది ఇందుజ. “మనిషి కాదు, ప్రోగ్రాము. ఊరికే అన్ని సైట్లూ తిరుగుతూ ఉంటుంది.”

“ఆదివారం సెలవు తీసుకుంటుందా?”

“ఆఁ?”

“మంగళ, గురు, శనివారాలు కూడా రాదే. వచ్చిన రోజున పన్నెండు దాటాక వచ్చి నాలుగున్నరకి వెళ్ళిపోతుంది. ఇంత పద్ధతైన రోబో దొరికితే మా డిపార్టుమెంటులో ఎప్పుడో ఉద్యోగం ఇచ్చేవాళ్ళం.”

ఇందుజ నవ్వింది. “అయితే ఎవరో వాట్సాప్ గ్రూపులో పంపి ఉంటారు.”

“పంపితే ఒకరోజు వస్తారు, రెండు రోజులు వస్తారు. మూడు వారాలా?”

“గూగుల్ వాడు పైకి తెచ్చి చూపిస్తున్నాడేమో.”

“మంగళవారం ఎందుకు చూపించడు మరి?”

“అబ్బ, నాన్నా! అయితే ఒక్కడే ఎవడో కూర్చుని అన్నీ కాపీ చేసుకుంటున్నాడు. చాలా?”

చాలు. ఆయన అనుకుంటున్నదీ అదే. అయినా ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు. “ఇందూ, నేను సంతోషిస్తానని నువ్వు గానీ...”

“నేనా?” అంది ఇందుజ. “అమ్మ పోయాక నేను ఆ పేజీ ఒక్కసారి కూడా తెరవలేదు నాన్నా. తెరవలేను.”

రామమోహన్ ఫోన్ చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకున్నాడు, అదేదో తల నిమిరినట్టు.

“ఒక పని చెయ్యి,” అంది ఇందుజ. “కొన్నాళ్ళు తాళం వెయ్యి. నువ్వు పిలిచినవాళ్ళకి తప్ప ఎవరికీ తెరుచుకోదు. నిజంగా చదివేవాళ్ళయితే ఎందుకు మూశారని మెయిలు రాసి అడుగుతారు. దొంగయితే నోరు మూసుకుని పోతాడు.”

ఆ మాట ఆయనకి నచ్చింది. సిగ్నల్ వాళ్ళు చేసేదీ అదే; అనుమానం ఉన్న తీగని విప్పి చూస్తే ఏ దీపం ఆరిందో తెలిసిపోతుంది. కూతురు ఫోన్లో చెబుతుంటే నాలుగు నొక్కులు నొక్కి తాళం వేశాడు. రోజూ వచ్చే ఆ నలుగురికీ మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు.

సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాటింది. రెండయింది. నాలుగున్నరయింది. గీత నేల మీద పాములా సాగి పడుకుంది. రోజంతా ఈమెయిలు తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు. ఎందుకు మూశారని ఒక్కరూ అడగలేదు.

“దొంగే,” అన్నాడు పైకి, ఖాళీ గదితో.

మంగళవారం పదకొండింటికి సంచీ పట్టుకుని పాండేసరా రోడ్డులో నరహరి కర్రీ పాయింటుకి వెళ్ళాడు. నరహరి కరీంనగర్ వైపు మనిషి. మగ్గాల మీద పనిచేసే తెలుగువాళ్ళకి ఆ చుట్టుపక్కల అతని పప్పుచారే దిక్కు. వంట చేసుకోవడం బద్ధకమైన రోజుల్లో రామమోహన్‌కీ అదే దిక్కు. దుకాణం ముందు నల్ల పలక మీద సుద్దముక్కతో ఆ రోజు కూరలు రాసి ఉంటాయి.

దొండకాయ వేపుడు. పప్పుచారు. కింద, ఆర్డరు మీద మాత్రమే: రెండు స్నానాల కూర.

రామమోహన్ ఆ పలక ముందు ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

“ఏంది సార్, గట్ల జూస్తున్నరు? దొండకాయ కట్టాల్నా?” అన్నాడు నరహరి.

“ఆ మూడోది ఏమిటి?”

“గదా? కొత్త ఐటెం. ఉప్పుండదు, కారముండదు, రుచి అసలే ఉండదు. మీకొద్దు.”

“ఆ పేరు ఎక్కడిది?”

“పేరుదేముంది సార్. ముక్కలకు రెండుసార్లు తానం జేపిస్తం.”

“ఎక్కడిదని అడిగాను.”

రామమోహన్ ఎవరి మీదా గొంతు పెంచే మనిషి కాదు. కౌంటరు దగ్గరున్న ఇద్దరు తలలు తిప్పి చూశారు. నరహరి చేతిలో గరిట గిన్నె మీదే ఆగిపోయింది.

“ఆ పేరు నా భార్య పెట్టింది,” అన్నాడు రామమోహన్. “మూడు వారాలుగా ఆవిడ రాసినవి ఎత్తుకుంటున్నది నువ్వన్నమాట. రోజుకి మూడు వందలసార్లు. ఇవాళ కూర అమ్ముతావు. రేపేం అమ్ముతావు, చూర్ణమా? ఫొటో కూడా పెడతావా?”

“మూడొందల సార్లా?” నరహరి నోరు తెరిచాడు. “సార్, పొద్దుగాల ఆరింటికి పొయ్యి అంటిస్తే నాకు వీపు గోక్కునే టైం ఉండదు. ఫోన్ల పైసలొచ్చినయా లేదా చూసుకునుడు తప్ప ఇంకోటి రాదు. నేను మేడమ్ రాసింది దొంగతనం జేస్తనా?” గరిట కింద పెట్టేశాడు. “మేడమ్ గుజరిపోయిన నాడు దుకాణం బంద్ పెట్టి మీ ఇంటికొచ్చిన. అందరికీ అన్నం నేనే తెచ్చిన. యాదికున్నదా?”

గుర్తుంది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. వచ్చినవాళ్ళందరికీ రెండు పూటలా భోజనం నరహరి దగ్గర నుంచే వచ్చింది. పదిహేను రోజుల తరవాత ఎంతివ్వాలని అడిగితే, వేరే మాటలోకి దిగిపోయాడు.

“మరి ఆ పేరు...” అన్నాడు రామమోహన్, ఈసారి చిన్న గొంతుతో.

“కరుణక్క జెప్పింది. వడోద్‌ల ఉంటది, ఇంట్ల చీరలు మడతబెట్టే పని. వాళ్లవ్వకు కిడ్నీల బీమారి. ‘అన్నా, రెండు స్నానాల కూర జేసిస్తవా, నాకు టైం సాలుత లేదు’ అన్నది. ఎట్ల జేయాల్నో గూడ ఆమెనే జెప్పింది. నేను డాక్టర్ల మాటనుకున్న. సోమ, బుధ, శుక్ర, పన్నెండు గొట్టంగ దవాఖాన గేటు కాడ డబ్బ ఇస్తా. నాలుగున్నరకు వాపస్ తెచ్చుకుంటా.”

రామమోహన్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పన్నెండు నుంచి నాలుగు. సోమ, బుధ, శుక్ర. మనిషికి నాలుగు గంటలు, రోజు విడిచి రోజు, ఆదివారం సెలవు. అది డయాలసిస్ జట్టు వేళ. నళినిది మంగళ, గురు, శని, పొద్దున్న ఏడు గంటల జట్టు. రెండేళ్ళ ఏడు నెలలు ఆ వేళల మధ్యే బతికినవాడు, గీత చూసి గుర్తుపట్టలేకపోయాడు. దొంగ కోసం వెతికేవాడికి దొంగ తప్ప ఇంకేమీ కనిపించదు కాబోలు.

“నిన్న డబ్బ అట్లనే వాపసొచ్చింది సార్,” అన్నాడు నరహరి. “మూత గూడ తియ్యలే. ముసలామె అన్నం ముట్టుత లేదంట. ఫోన్ల మాట్లాడే అమ్మ బందయిందంట. నాకేం సమజ్ గాలే.”

రామమోహన్‌కి సమజయింది. అయినా లోపల ఇంకా ఒక ముల్లు మిగిలే ఉంది. ఒక ముసలి తల్లి, ఒక కూతురు. మూడు వందల పన్నెండుకి ఇద్దరు మనుషులు ఎలా లెక్క చెబుతారు? ఆ కరుణ ఎవరో, అన్నిసార్లు తెరిచి ఏం చేస్తోందో. కళ్ళతో చూడనిదే తాళం తీయదల్చుకోలేదు.

“నరహరీ, రేపు నేనూ వస్తాను.”

“దొంగోని బండి మీద గూసుంటరా సార్?”

“కూర్చోనిస్తే.”

నరహరి దొండకాయ వేపుడు పొట్లం కట్టి, కాస్త గట్టిగానే కౌంటరు మీద పెట్టాడు. కానీ పొట్లం ఎప్పటికన్నా చిన్నదేం కాదు.

బుధవారం పన్నెండుంబావుకి ఆ ట్రస్టు ఆసుపత్రి మెట్లెక్కాడు రామమోహన్. నళినికి డయాలసిస్ జరిగిందీ ఇక్కడే. రెండేళ్ళుగా ఆటోవాడికి చెప్పి మరీ ఈ వీధి తప్పించి తిరుగుతున్నాడు. నరహరి ఏమీ అనకుండా రెండు మెట్లు వెనక నడిచాడు. పైన అదే మందు వాసన, అదే యంత్రాల హోరు. పదకొండు మంచాలు, పదకొండు చేతులు దుప్పట్ల మీద చాపి ఉన్నాయి.

“అరే, అంకల్! ఆప్?” అంది నర్సు. పాత మనిషే, కేరళ అమ్మాయి. ఆయన్ని చూసి ఒక్క క్షణం తడబడి, ఏమీ అడక్కుండా గోడ దగ్గరి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. అలా అడక్కపోవడం ఆ పిల్లకి ముందు నుంచీ అలవాటు.

నాలుగో మంచం మీద ఎండిన చింతబరిగెలా ఉందొక ముసలావిడ. పక్కన ముప్పై ఐదేళ్ళ మనిషి, ఒళ్ళో ఫోను. నరహరి డబ్బా బల్ల మీద పెట్టి, “బుచ్చవ్వా, డబ్బ తెచ్చిన. కరుణక్కా, ఈ సార్ నీతోని మాట్లాడతడంట,” అని దూరంగా జరిగాడు.

“ఎవరు అంకుల్ మీరు?” అంది కరుణ.

తన సంగతి చెప్పకుండా ముందు అడగవలసింది అడిగాడు. “అమ్మా, నువ్వు ఫోన్లో ఒక తెలుగు పేజీ తెరుస్తుంటావట. డయాలసిస్ కబుర్లు.”

“హా అంకుల్. ఫోన్‌ని నోటితోని అడిగిన, డయాలసిస్ వాళ్ళు ఏం తినాలె అని. గది వచ్చింది. నాకు తెలుగు చదువుడు రాదు, గుజరాతీ మీడియం నేను. అవ్వకు ఏదీ రాదు. ఫోనే చదువుతది, మేం వింటం. సోమవారం నుంచి బంద్ అయిపోయింది. ఏదో ఇంగ్లీషుల వస్తుంది. ఎవరిని అడగాల్నో తెల్వలేదు.”

ఎందుకు మూశారని అడగనివాడు దొంగ అని తీర్పు చెప్పింది తనే. రాయడం రానివాళ్ళు ఎక్కడ అడుగుతారు? రామమోహన్ చెవులు వేడెక్కాయి. అయినా లెక్క ఇంకా తేలలేదు.

“రోజుకి మూడు వందలసార్లు తెరవడం దేనికమ్మా?”

కరుణ తప్పు చేసిన పిల్లలా తల్లి వంక చూసింది. “పేజీ కింద నెంబర్ ఉంటది కదా అంకుల్, ఎంతమంది చూసిన్రు అని. ఒకసారి తెరిస్తే ఒకటి పెరుగుతది. అవ్వ నన్ను తిట్టింది.”

“తిట్టనా మరి?” అంది బుచ్చవ్వ. కళ్ళు మూసుకునే ఉంది, గొంతు మాత్రం ఖంగుమంది. “ఫోను ఒక్కటే, ఇనెటోళ్లం పదకొండు మందిమి. పదకొండు మందిమి ఇని, ఒక్కలమే ఇన్నమని జెప్తే రాసిన తల్లిని మోసం జేసినట్టు గాదా? ఒక్కొక్కల పేరు మీద ఒక్కోపాలి నొక్కు బిడ్డా అన్న. ఆమె సూసుకుంటది గద, ఇంతమంది ఇంటున్నరని.”

“తెలుగు రానోళ్ళది కూడా నొక్కిపిస్తది అంకుల్,” అంది కరుణ. “ఆరో బెడ్ సవితాబెన్‌కు నేను గుజరాతీల చెప్తా. ఆ ఒడియా అంకుల్‌కు హిందీల. వాళ్ళ పేరు మీద కూడా నొక్కాలె. నొక్కకుంటే అవ్వ ఊకోదు.”

ఆరో మంచం నుంచి సవితాబెన్ తలూపింది, తన పేరు వినపడినందుకు.

రోజుకి ఎన్ని కబుర్లు వింటారని అడిగాడు. ఇరవై ఎనిమిది, ముప్పై, అంది కరుణ. చిన్న చిన్నవి కదా. రామమోహన్ ఇరవై ఎనిమిదిని పదకొండుతో హెచ్చవేశాడు. మూడు వందల ఎనిమిది. తక్కిన నాలుగూ తనదీ, ఎప్పుడూ వచ్చేవాళ్ళవీ. ఒక్కటి కూడా ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఉద్యోగంలో ఉండగా ఏ రిపోర్టూ ఇంత శుభ్రంగా తేలలేదు. ఇన్నాళ్ళూ ఆయన దొంగతనమని అనుమానించింది ఈ నిజాయితీనా?

“నువ్వెవరు బిడ్డా?” బుచ్చవ్వ కళ్ళు తెరిచింది.

“నేను ఆ రాసినావిడ భర్తనమ్మా. తాళం వేసింది నేనే. ఎవరో దొంగతనం చేస్తున్నారనుకుని.”

కరుణ చటుక్కున లేచి నిలబడింది. మాట మంచం నుంచి మంచానికి మూడు భాషల్లో పాకింది. యంత్రాల మధ్య నుంచి మెడలు లేచాయి. ఒడియా ఆయన ఖాళీగా ఉన్న చేతిని నుదుటికి ఆనించి దణ్ణం పెట్టాడు.

“అమ్మ ఎట్లున్నది?” అంది బుచ్చవ్వ. “నిమ్మళమేనా? సోమారం ఫోను పలకకపోయేసరికి నాకు పానం పోయినంత పనాయె. ఆమె మంచిగున్నదంటే నాకు ముద్ద దిగుతది.”

వార్డు చెవులొగ్గింది. నర్సు చేతిలో పట్టీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మాటలు అర్థం కాకపోయినా ఆ మొహాలు చూసి విషయం తెలిసిపోయినట్టుంది.

బాగానే ఉందమ్మా, ఊరెళ్ళింది అని ఒక్క మాట అంటే సరిపోతుంది. ముసలావిడ డబ్బా మూత తీస్తుంది, పదకొండు మందీ ఊపిరి పీల్చుకుంటారు. ఎంత తేలికైన మాట! నాలుక చివరి దాకా వచ్చింది. అంతలో ఆయనకి తట్టింది, నళిని సుఖంగా ఉందని రోగులతో చెప్పినవాడు తనకంటే ముందు ఇంకొకడున్నాడని. ఇన్నాళ్ళూ ఎవరి నుంచి ఆవిడ పేరు కాపాడాలనుకున్నాడో, ఈ ఒక్క మాటతో వాడి పక్కన వెళ్ళి నిలబడతాడు.

“లేదమ్మా,” అన్నాడు. “నళిని పోయి రెండేళ్ళయింది. ఆ కబుర్లన్నీ అంతకుముందువి. పోయిందని నేను ఎక్కడా రాయలేదు. రాయాలనిపించలేదు. తప్పు నాది.”

కరుణ హిందీలో చెప్పబోయి ఆగిపోయింది. చెప్పకుండానే అందరికీ తెలిసింది. సవితాబెన్ మొహం గోడ వైపు తిప్పుకుంది. ఏదో యంత్రం కూత పెడితే నర్సు పరిగెత్తి దాన్ని ఆపింది.

బుచ్చవ్వ కుడిచేత్తో దుప్పటి పైకి లాక్కుంది.

“ఎన్నేండ్లు జేయించుకున్నది?”

“రెండేళ్ళ ఏడు నెలలు.”

“నాకు ఎనిమిది నెలలాయె,” అంది. “పొయ్యేటప్పుడు తిప్పలబడ్డదా?”

“లేదమ్మా. తెల్లవారుజామున నిద్రలోనే. గుండె ఆగింది. ముందురోజు మధ్యాహ్నం బీరకాయ కూర తింటూ, ‘ఉప్పు వేయద్దన్నారు గానీ మనసు కూడా పెట్టద్దన్నారా?’ అని నన్ను కేకలేసింది. ఆ రోజు వంట నాది.”

ముందు ఏడో మంచం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత నరహరి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. బుచ్చవ్వ పెదవుల చివర కూడా ఏదో కదిలింది.

“మరి గది రాయలేదేంది?” అంది. “అరవై నాలుగు ఇన్నం. ఆఖర్ది ఇనకుంటే ఎట్ల? మేమందరం గా తొవ్వల బోయెటోళ్లమే గద. ముందుగాల బోయినామె ఎట్ల బోయిందో ఎరుకైతే మాకు జర ధైర్నం. నువ్వు రాయి.”

“నాకు రాయడం రాదమ్మా.”

“జెప్పుడైతే అచ్చింది గద. ఇప్పుడు జెప్పినవ్ గద, బీరకాయ. గట్లనే రాయి. ముందుగాల తాళం దియ్యి.”

రామమోహన్ జేబులోంచి ఫోన్ తీశాడు. ఇందుజ చెప్పిన నాలుగు నొక్కులూ వెనక్కి నొక్కడానికి చాలాసేపు పట్టింది. రెండుసార్లు వేలు తప్పింది. కరుణ తన ఫోన్లో పేజీ తెరిచింది. ఆడగొంతులో యంత్రం చదవడం మొదలుపెట్టింది, మొట్టమొదటి కబురు, నళిని మొదటి రోజు భయం గురించి. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. నవ్వవలసిన చోట నవ్వదు. అయినా ఆ మాటల అల్లిక నళినిదే. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో ఒళ్ళు దగ్గరికి తీసుకుని విన్నాడు. పక్కన కరుణ చిన్న గొంతుతో గుజరాతీలో చెబుతోంది. బుచ్చవ్వ కుడిచేత్తో డబ్బా మూత తీయబోతే నరహరి వచ్చి తీసిపెట్టాడు. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, “మట్టిలెక్క ఉన్నది,” అని ఇంకోటి వేసుకుంది.

కబురు అయిపోయింది. కరుణ బొటనవేలు లేచింది. మొదట తెరిచింది తల్లి పేరు మీద కాబట్టి, తక్కిన ఒక్కొక్క మంచం వైపు చూస్తూ, పేరు గొణుక్కుంటూ, ఇంకో పదిసార్లు నొక్కింది. తరవాతి కబురుకి వెళ్ళబోతోంది.

“నేనూ విన్నాను,” అన్నాడు రామమోహన్. “నాది కూడా ఒకటి నొక్కమ్మా.”

కరుణ తల్లి వంక చూసింది. బుచ్చవ్వ నమలడం ఆపి ఆలోచించి, సరేనని తలూపింది. నెట్ నెమ్మదిగా ఉంది. పేజీ తిరిగి వచ్చేదాకా అందరూ ఆ ఫోను వైపే చూస్తూ ఉండిపోయారు.